వెనక వరుసలో లేచిన చెయ్యి

మాది పెనుబల్లి దగ్గర ఒక పల్లె. నిరుడు అమెరికాలో ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్‌లో చేరాను. చదువుకుంటూనే మొదటి సంవత్సరం విద్యార్థులకు లెక్కలు చెప్పే పని దొరికింది.

మొదటి క్లాసులో నలభై మంది ఉన్నారు. కంగారులో గడగడా చెప్పుకుపోతున్నాను. పది నిమిషాలకు వెనక వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తి, "మీరు మాట్లాడేది ఒక్క ముక్క కూడా అర్థం కావడం లేదు" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలిన క్లాసు ఎలా గడిచిందో నాకే తెలియదు.

గదికి రాగానే మా అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను. అక్క భద్రాచలం అవతల అడవి పల్లెలో టీచరు. అప్పుడే బడికి బయల్దేరుతోంది.

"ఈ పని ఇడిసిపెడతనక్కా" అన్నాను.

"ఏందే, గింత దానికేనా? మా బడిపిల్లలు ఇంట్ల కోయ మాట్లాడుతరు. మొదట్ల నా తెలుగు వాళ్లకు సమజ్ కాలే. నేను ఇడిసిపెట్టిన్నా? మెల్లగ చెప్పిన, బోర్డు మీద రాసిన, వాళ్ల మాటలు వాళ్లనే అడిగి నేర్చుకున్న. నువ్వు కూడా గట్లనే చెయ్యి."

తర్వాతి క్లాసులో ముందే చెప్పేశాను: "ఇంగ్లీషు నేను బడిలో నేర్చుకున్న భాష. అర్థం కాకపోతే ఆపండి. ఎన్నిసార్లైనా చెప్తాను."

ఆ అమ్మాయి ఆరుసార్లు ఆపింది. ఆరుసార్లూ బోర్డు మీద రాసి మళ్ళీ చెప్పాను. చివరికి పక్కనున్న కుర్రాడికి తనే వివరించడం మొదలుపెట్టింది.

ఈ ఏడాది అదే క్లాసును అడిగి మరీ తీసుకున్నాను. లేచి వెళ్ళిపోయినవాళ్ళ కంటే, అర్థం కాలేదని మొహం మీదే చెప్పిన ఆ అమ్మాయే నాకు మేలు చేసింది.