వారెంట్ లేనిదే మూత తియ్యకూడదు

ఇర్మా డగ్గెట్ ఇంట్లో జడ్జి ఇచ్చే సోదా వారెంట్ లేనిదే ఫ్రిజ్ తలుపు కూడా తెరవడానికి వీల్లేదు. డ్రై ఫోర్క్ ఊళ్లో ఈ సంగతి కుక్కలకి కూడా తెలుసు.

ఆవిడ జిల్లా కోర్టులో ముప్పై ఏళ్లు కూర్చుని లాయర్లూ, సాక్షులూ, దొంగలూ చెప్పిందల్లా టైపు కొట్టింది. అక్కడ నోరు విప్పే పని ఆవిడది కాదు. లోపల ఊరిపోయిన ఆ మాటలన్నీ రిటైరయ్యాక ఒక్కసారిగా ఇంటిమీద పడ్డాయని ఊళ్లో అనుకునేవారు.

భర్త లైల్ స్కూలు బస్సు నడుపుతాడు. పెద్ద పొట్ట, అంతకన్నా పెద్ద ఓపిక. ఆయన ఫ్రిజ్ పిడి మీద చెయ్యి వేశాడో లేదో, పొయ్యి దగ్గర నుంచి గొంతు లేచేది.

"వారెంటేదీ?"

"ఆకలేస్తోందే."

"ఏ వస్తువు కోసం? ఎక్కడుంది? 'తినడానికి ఏదో ఒకటి' అంటే చెల్లదు."

"పీచ్ పళ్లు కూరిన రొట్టె, అదే నీ పీచ్ పై. రెండో అర, ఎడంపక్క. దేవుడి తోడు."

ప్రమాణం అయ్యాక ఆవిడే జడ్జిగా మారి అనుమతి ఇచ్చేది. రెండో అరకి అనుమతి పుచ్చుకుని మూడో అరలో సాసేజ్ ముట్టుకుంటే, ఆ పూట రెండూ లేవు.

అయినా అప్పుడప్పుడూ తెల్లారేసరికి ఒక పీచ్ పై ముక్క మాయమయ్యేది. అనుమానం లైల్ మీదే. నేను కాదని ఆయన ఎంత మొత్తుకున్నా ఇర్మా ఒకటే అనేది: "ఋజువు లేదు కాబట్టి నువ్వు నిర్దోషివి. ఇంకో ముక్క మాత్రం అడక్కు."

చర్చిలో భోజనాల రోజున పాస్టర్ గారు ఆవిడ బీన్స్ గిన్నె మూత ఎత్తబోయారు. ఆవిడ గరిటె అడ్డం పెట్టింది. అన్ని గిన్నెల్లోకీ దేవుడు చూస్తాడు కదమ్మా అన్నారాయన నవ్వుతూ.

"ఆయనకి వారెంట్ అక్కర్లేదు అయ్యగారూ. మీకు కావాలి."

ఆ ఇంట్లోనే నాలుగేళ్లుగా ట్రూడీ అనే అమ్మాయి ఉంటోంది. కన్నవాళ్లు సాకలేని పిల్లల్ని సంక్షేమశాఖవాళ్లు ఇలాంటి ఇళ్లలో ఉంచుతారు. ఇక్కడికి వచ్చేలోపు ఆ పిల్ల చాలా గుమ్మాలు తొక్కింది. ఏ ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు తన సంచీనే బోర్లించేవారు. ఇక్కడ మాత్రం ఆ ఊదారంగు సంచీ జిప్పు మీద ఎవరి వేలూ పడలేదు. ఇర్మా అత్త తిక్క తనకిలా కలిసొచ్చిందని ట్రూడీ అనుకునేది.

ఆ వసంతంలో చర్చి చేతిగంటల్లో ఒకటి కనబడకుండా పోయింది. ఒక్కో మనిషి ఒక్కో గంట పట్టుకుని వాయిస్తేనే పాట. ఆ ఒక్క గంటా లేక ఆదివారం పాట పన్నూడిన నవ్వులా వినిపించింది. అంతకుముందు చర్చి భోజనాల తర్వాత హాలు సర్దింది ట్రూడీ. గంటల పెట్టె చూసుకునే బెర్నీస్‌కి అంతకన్నా ఏం కావాలి? పోలీసు డిప్యూటీ వెండెల్‌ని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

ట్రూడీ మెట్లమీదే ఆగిపోయింది. పోలీసు కేసంటూ పడితే సంక్షేమశాఖవాళ్లు తనని ఇంకో ఇంటికి మార్చేస్తారు. ఈ వంటిల్లూ, ఈ పోట్లాటలూ మళ్లీ ఉండవు.

వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మాయి సంచీ ఒక్కసారి చూసి వెళ్లిపోతానండీ ఇర్మా గారూ."

"వారెంటేదీ?"

"ఇది నవ్వులాట కాదండీ."

"నేనెప్పుడు నవ్వాను?"

ట్రూడీ గదిలోకి పరిగెత్తి సంచీ తెచ్చింది. "చూసుకోనివ్వండి అత్తా. గంట ఇందులో లేదు."

ఇర్మా ఆ పిల్ల చేతిమీద చెయ్యి వేసింది. "లేదని నాకు తెలుసు తల్లీ. కానీ లేదని చూపించే పని నీది కాదు. ఉందని చూపించే పని వాళ్లది."

"దాచిందేం లేకపోతే భయం దేనికంట?" అంది బెర్నీస్.

"నువ్వూ ఏం దాచలేదుగా, పద, ముందు నీ బీరువాలు చూద్దాం."

బెర్నీస్ ఎందుకో కోటు బొత్తాలు పెట్టుకుంది.

వెండెల్ జడ్జిగారి దగ్గరికి వెళ్లాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ పిల్ల హాల్లో ఉందని తప్ప నీ దగ్గర ఏముంది, హాల్లో నువ్వూ గంట వాయిస్తూ ఉన్నావుగా, నీ ఇంటికీ ఒక వారెంట్ రాయనా అని అడిగారట ఆయన.

ఊరు గుసగుసలాడుతూనే ఉంది. మళ్లీ భోజనాల ఆదివారం వచ్చింది. బెర్నీస్ గిన్నెలు తెచ్చే గుడ్డసంచీ కిందటిసారి ఇంటికెళ్లి మేకుకి తగిలించింది తగిలించినట్టే ఉంది. ఇప్పుడది పట్టుకుని హాల్లోకి నడుస్తుంటే అడుగడుక్కీ గణగణమని మోగింది. కిందటిసారి గిన్నెల కింద పరిచిన మేజాబట్టతోపాటు గంటని కూడా పొరపాటున చుట్టేసుకుని పోయింది ఆవిడే.

పదిమంది ఆ సంచీ మీదికి వంగారు. ఇర్మా గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది.

"వారెంట్ లేకుండా ఎవరూ బెర్నీస్ సంచీ ముట్టుకోకండి."

బెర్నీస్ కందగడ్డలా ఎర్రబడి, తనే జిప్పు తీసి గంట బయటపెట్టింది. తర్వాత ట్రూడీ దగ్గరికొచ్చి తప్పయిపోయిందమ్మా అంది.

మర్నాడు లైల్‌తో కలిసి బస్సు కడుగుతూ ట్రూడీ అడిగింది, అత్తకి ఈ వారెంట్ల పిచ్చి కోర్టులోనే పట్టుకుందా అని.

లైల్ నవ్వాడు. "కోర్టులోనా? అక్కడ పనిచేసినన్నాళ్లూ రోజూ నా జేబులు తిరగేసింది. నువ్వు వచ్చిన రాత్రి ఆ సంచీని కావిలించుకునే పడుకున్నావు. మర్నాడు పొద్దున నేను ఫ్రిజ్ తీయబోతే వారెంటేదీ అంది. మతి పోయిందేమో అనుకున్నాను." గుడ్డ పిండి మళ్లీ అన్నాడు, "నీ ఒక్కదానికే ఆ రూలు పెడితే నువ్వు చిన్నబోతావని, ఊరందరికీ పెట్టింది."

ట్రూడీ గదిలోంచి తన సంచీ తీసుకుంది. వంటింట్లోకి వెళ్లి సంచీని బల్లమీద పెట్టి, జిప్పు చివరిదాకా లాగింది.

"చూడండి అత్తా."

"వారెంట్ లేదుగా."

"నేనే ఒప్పుకుంటున్నాను."

"ఎవరి బలవంతమూ లేదు కదా?"

"లేదు."

ఇర్మా చేతులు తుడుచుకుని లోపలికి చూసింది. రెండు జతల మేజోళ్లు, ఒక పాత ఫొటో, వాటిమీద నాప్‌కిన్‌లో చుట్టిన పీచ్ పై ముక్క.

"మాట్లాడకుండా ఉండే హక్కు నాకుంది," అంది ట్రూడీ.

అప్పుడే లోపలికొచ్చిన లైల్ ఆ ముక్కని చూశాడు. "అయితే నాలుగేళ్లుగా ముద్దాయిని నేనన్నమాట."

ఇర్మా ఫ్రిజ్ తెరిచి, మిగిలిన పీచ్ పై అంతా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"దీనికి వారెంటేదీ?" అన్నాడు లైల్.

"ఇది నష్టపరిహారం. మాట్లాడకుండా తిను."