ఇటలీ ఏసు పాదం

1948. పోలీస్ యాక్షన్ అయిన కొత్త. సికింద్రాబాద్ బజారులో నాది ఇత్తడి సామాన్లు అతికే కొట్టు. అన్నా నేనూ ఎదురెదురుగా పీటలేసుకుని పనిచేసేవాళ్లం. ఆ గొడవల్లో అన్న పిల్లాజెల్లాతో కరాచీ వెళ్లిపోయాడు. గిరాకీ లేదు, పలకరించే మనిషి లేడు. సుత్తి చప్పుడు ఆగితే ఎదురుగా అన్న ఖాళీ పీటే.

అప్పుడొచ్చాడు మారేడ్‌పల్లి నుంచి ఒక ఇటలీ ఫాదర్. ముసలాయన. వస్తూనే అన్న పీట మీద కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"లెవ్వుండ్రి ఫాదర్ సాబ్. అది మా అన్నది."

ఆయన లేచి, గుడ్డమూట విప్పాడు. మూరెడు కంచు ఏసు. ఒక పాదం విరిగి విడిగా ఉంది. గొడవలప్పుడు దాచబోతే చేయి జారిందట.

"ఎనిమిది వందల ఏండ్ల కింద పోత పోసిన్రు. నేనిటు వచ్చేటప్పుడు ఊరోళ్లు ఇచ్చిన్రు. యుద్ధంల ఆ చర్చి పోయింది, ఊరు సుత పోయింది."

"బ్రేజింగ్ చేస్తా," అన్నాను. నిప్పుతో ఇత్తడి కరిగించి అతకడమన్నమాట. "ఆకురాయితో ఫైలు కొడితే అతుకు కనబడది."

"నిప్పొద్దు, ఫైలొద్దు మిస్త్రీ. ఆ వేళ్లు చూడు."

ఒళ్లంతా నలుపే. వేళ్లు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి.

"మా ఊరోళ్లు ముద్దు పెట్టుకుంట అరగదీసిన్రు. మా అమ్మ సుత. గది పోతే నాకింకేమున్నది?"

ఇక మిగిలింది రివెట్. లోపల సన్న బెజ్జం వేసి చీల దిగ్గొట్టాలి. పాత పోత, పగిలిందా ముక్కలే. ఊపిరి బిగబట్టి బెజ్జం వేసే బర్మా రోజుకింత తిప్పాను. ఫాదర్ రోజూ సాయంత్రం వచ్చి నిలబడి చూసేవాడు. ఒకనాడు నేనే అన్న పీట ఆయన వైపు జరిపాను. ఆయన తన ఊరి ముచ్చట్లు చెప్పేవాడు, నేను మా అన్న ముచ్చట్లు చెప్పేవాణ్ణి. చీల బిగిసింది. అయినా "రేపు రాండ్రి" అన్నాను. మర్నాడూ అదే మాట.

ఎన్నాళ్లని ఆపుతాను? ఇచ్చేరోజు వచ్చింది. మా పనిలో అతికినదాన్ని తెచ్చినవాళ్ల ముందే గట్టిగా లాగి చూపాలి. నాకు చేతులు రాలేదు. ఆ వేళ్ల మీద బొటనవేలు ఆనించానంతే. అంతమంది పెదవులు తాకిన చోటు, వాళ్లలో ఒక్కరూ దగ్గర లేరు. అన్న గుర్తొచ్చి ఏడ్చేశాను.

"పని ఎప్పుడో అయిందని నాకెర్కనే మిస్త్రీ," అన్నాడు ఫాదర్. "అయిందంటవేమోనని భయపడ్డ."

"పని లేకున్నా రాండ్రి," అన్నాను.

పాదం దగ్గర అతుకు గీత కనబడుతూనే ఉంది. విరిగినదాన్ని కొత్తదిలా చేయనక్కర్లేదని, నిలబడితే చాలని ఆ పనితో తెలిసింది. ఆయన కన్నుమూసేదాకా సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు. ఆయన కూర్చునే పీటని బజారులో అందరూ ఫాదర్ పీట అనేవాళ్లు. అది మా అన్నదని నేను మళ్లీ అనలేదు.