రాజేశ్వర్ అన్న డబ్బాల పంపకం

ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లకు తిరిగి ఇచ్చిన పాపాన ఏనాడూ పోలేదు మా రాజేశ్వర్ అన్న.

బాన్సువాడలో అన్ని మతాల పిల్లలూ కలిసి పనిచేయాలని ఆయన పెట్టిన యువజన సంఘం మాది. ఆదివారాలు బడి గోడలకు సున్నం వేస్తాం, మొక్కలు నాటుతాం. మొదటి రోజు ఓ పెద్దమనిషి వచ్చి సామరస్యం మీద గంటన్నర మాట్లాడాడు. మేం ఘనంగా చప్పట్లు కొట్టి, ఎవరి వాళ్లతో వాళ్లు కూర్చుని తిన్నాం.

ఆ సాయంత్రమే అన్నకు డబ్బాలు కడిగి సర్దే పిచ్చి పట్టుకుంది. గౌస్ డబ్బా సింధుజ సంచిలో, సింధుజది నా సంచిలో. మూతల మీద పేర్లు చెక్కే ఉంటాయి. సింధుజ డబ్బా మీదైతే వాళ్ల తాత పేరు, ఊరు, గృహప్రవేశం తేదీ కూడా ఉన్నాయి.

"అన్నా, పేరు జూసి ఇయ్యరాదు?" అంటే, "కండ్లు ఆనుతలేవురా మహిపాల్" అనేవాడు.

ఇక వారమంతా డబ్బాల కోసం ఒకరింటికి ఒకరు తిరగడమే. మా వైపు ఏ తల్లీ డబ్బాను ఖాళీగా పంపదు. గౌస్ వాళ్లమ్మ సేమియా పెడితే, మా అమ్మ సకినాలు పెట్టేది. సంఘం ఏం సాధించిందో గానీ, నేను మూడు కిలోలు పెరిగాను.

ఒక ఆదివారం వాలీబాల్ ఆడుతూ తండా చరణ్, చర్చి పక్కింటి ఇమ్మానుయేలు కొట్టుకున్నంత పని చేశారు. మాటలు కులం మీదికీ, మతం మీదికీ పోయాయి. "ఇగ నేను రాను" అన్నాడు ఇమ్మానుయేలు. వాడు మానితే వాడి వెనకే సగం మంది మానేస్తారు. సంఘం పని అయిపోయిందనుకున్నాను.

అన్న మాత్రం నిమ్మళంగా డబ్బాలు కడిగి సంచుల్లో సర్దుతున్నాడు.

సంచి తీసుకుని ఇంటికి పోయిన ఇమ్మానుయేలు గంటలో ఉరుక్కుంటూ వచ్చాడు. "అన్నా, గిది చరణ్‌ది! నాది ఆని కాడుంది. ఆని ఇంటికి నేను పోనే పోను."

"పోకురా. మీ అమ్మకు నువ్వే చెప్పుకో."

స్టీలు డబ్బా పోగొట్టుకుని అమ్మ ముందు నిలబడే మగాడు బాన్సువాడలో ఇంకా పుట్టలేదు. ఇమ్మానుయేలు తిట్టుకుంటూ తండా దారి పట్టాడు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ ఒకే బండి మీద దిగారు. "ఈని అమ్మ జొన్నరొట్టెలు పెట్టుకుంట ఇద్దర్నీ తిట్టింది. తినేదాంక లేవనియ్యలే" అన్నాడు ఇమ్మానుయేలు.

అదే సమయంలో అన్న, బడి పక్కన ఉండే పోసవ్వకు మందుల పట్టీ మీది చీమంత అక్షరాలు అద్దాల్లేకుండా చదివి చెబుతున్నాడు. దొరికిపోయాడు.

"ఏందన్నా, గివి ఆనుతున్నయి గదా! మరి డబ్బాల మీది పేర్లు?"

"గవి మరీ పెద్దగున్నయిరా" అన్నాడు తల ఎత్తకుండా.

ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ సాయంత్రం డబ్బాలు సర్దడానికి నేనూ కూర్చున్నాను. మూత మీది మా అమ్మ పేరు రెండుసార్లు చదువుకుని, డబ్బాను గౌస్ సంచిలో వేశాను. సేమియా కోసం కాదు, సామరస్యం కోసం.