సొరుగులో సంతకాలు

1963 వేసవిలో నన్ను చిట్టమూరుకు తూర్పునున్న ఒక చిన్న రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. గూడూరు అభ్రకం పెట్టెలు అక్కడినుంచి పడవల్లో స్టీమరుకు చేరేవి. సరుకు రకం, తూకం తెలిపే కాగితాన్ని షిప్పింగ్ బిల్లు అంటారు. లైసెన్సున్న క్లియరింగ్ ఏజెంటు సరుకును స్వయంగా చూసి దానిమీద సంతకం చేస్తేనే పెట్టె కదలాలని నిబంధన.

మా రేవుకు ఏజెంటు గూడూరు దేవసహాయం గారు. ఆదివారం చర్చిలో సంఘపెద్ద, తక్కిన వారమంతా రేవులు తిరుగుతూ బస్సుల్లోనే. ఆయన వచ్చేసరికి పడవలు కదలాల్సిన సముద్రపు పోటు తప్పిపోతోందని, ఖాళీ బిల్లులమీద సంతకాలు చేసి నా సొరుగులో పెట్టి వెళ్లమన్నది నేనే. భలే ఏర్పాటు చేశానని మురిసిపోయాను కూడా.

మరుసటి ఏడు ఒక వ్యాపారి గుమాస్తా వచ్చి అడిగితే తలెత్తకుండా ఒక బిల్లు తీసి ఇచ్చాను. అతను దానిమీద, పన్ను తక్కువ పడుతుందని, తుక్కు అభ్రకం అని రాసుకున్నాడు. పై అధికారి తనిఖీకి వచ్చి పెట్టె తెరిపిస్తే పైన తుక్కు, కింద మొదటి రకం రేకులు! లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని దేవసహాయం గారికి నోటీసు వెళ్లింది. అది పోతే ఆయనకు వేరే బతుకుతెరువు లేదు.

విచారణలో నేను గోడవారగా నిలబడ్డాను. సంతకాలు చేసిన కాగితాలు ఎక్కడ ఉంచారని అధికారి అడిగారు.

"ఆఫీసులోనే పెట్టినాను సార్" అన్నారాయన.

ఎవరి దగ్గరని అధికారి అడగలేదు. నేను నోరు విప్పలేదు. లైసెన్సు రద్దయింది.

ఆయన అప్పీలు చేసుకున్నారు. అప్పీలులో నా పేరు రాశారేమోనని ఎనిమిది నెలలు భయపడుతూనే ఉన్నాను. పోస్టుమాన్ గుమ్మంలో కనబడితే ముందు కవరుమీది ముద్ర చూసేవాణ్ణి. ఒకరోజు గూడూరు బస్టాండులో ఆయనే ఎదురుపడ్డారు. నా పేరు ఎందుకు చెప్పలేదని ఉండబట్టలేక అడిగేశాను.

"నేను చెప్పేదేముంది సార్? సొరుగులో పెట్టమనింది మీరే గదా. ఆ సంగతి మీకు తెలుసు గదా" అన్నారు. గొంతులో కోపం లేదు. బస్సెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే జరిగినదంతా రాసి, అప్పీలు వింటున్న అధికారికి పంపాను. బిల్లులు దాచింది, గుమాస్తాకు ఇచ్చింది కస్టమ్స్ ఉద్యోగేనని తేలాక రద్దు ఉత్తర్వును కొట్టేశారు. సరుకు చూడకుండా సంతకం చేసినందుకు ఆయన్ని మందలించారు. నాకు ప్రమోషన్ ఆగింది, అది న్యాయమే.

లైసెన్సు తిరిగి వచ్చేసరికి వ్యాపారులు చాలామంది వేరే ఏజెంట్లను చూసుకున్నారు. మిగిలిన ఒకరి పెట్టెకు ఆయన స్వయంగా వచ్చారు. మేకులు ఊడదీయించి, అడుగుదాకా చూసి సంతకం చేశారు. ఈలోగా పోటు తప్పింది. పడవవాళ్లు సణిగారు. మేమిద్దరం ఇసుకలో కూర్చుని మళ్లీ పోటు వచ్చేదాకా ఆగాం.

ఏజెంటుకు నోటీసు రాసేముందు ఆఫీసు తన సొరుగు తెరిచి చూసుకోవాలన్నది నేను నేర్చుకున్న మొదటి సంగతి. నేను నిజమే చెప్పాను. కానీ విచారణ గదిలో చెప్పవలసినదాన్ని ఎనిమిది నెలలు ఆగి చెప్పాను. ఆ ఎనిమిది నెలలు నావి కావు, ఆయనవి.