పదకొండూ పదికి లేచే గీత

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాదించి నోరు మూయించి పంపేవాణ్ణి. మామిడికుదురు దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. కొలవలేనిదాన్ని నమ్మను. ఇప్పుడు రాసేది కూడా కొలిచిన సంగతే. నా ఇబ్బంది అదే.

ఆ వాచీ నేను కొనుక్కున్నది కాదు. నా యాభయ్యో పుట్టినరోజుకు తోటి ఉపాధ్యాయులంతా కలిసి ఇచ్చారు. చేతికి పెడుతూ తెలుగు మాస్టారు, "మీ కోపం ఎంతో ఇది లెక్కకట్టి చూపిస్తుందండీ. ఇకనుంచి మేం మీ మొహం చూసి భయపడక్కర్లేదు, వాచీ చూసుకుని లోపలికొస్తాం" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట మర్చిపోనూ లేదు.

అది గుండె చప్పుళ్లను పట్టి, మన ఒత్తిడి నూటికి ఇంత అని చూపిస్తుంది. ఫోన్లో రోజంతటికీ ఒక గీత కనిపిస్తుంది. మొదటి వారంలోనే దాని మీద నాకు నమ్మకం పోయింది. సెలవు చీటీ విషయంలో హెడ్మాస్టరుతో గొడవపడి వచ్చి కూర్చుంటే "ప్రశాంతం" అని చూపించింది. పెళ్లి భోజనంలో కడుపుబ్బ నవ్విన రోజున ఒత్తిడి ఎక్కువంది. పైగా రోజూ ఉదయం పదకొండూ పదికి గీత నిట్టనిలువునా లేచి, అరగంట అక్కడే ఉండి దిగిపోయేది. ఆ వేళకి నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుంటాను. రోజు మొత్తంలో నాకు హాయిగా ఉండే సమయం అదొక్కటే.

కంపెనీకి ఫిర్యాదు చేశాను. ఫోన్లో ఒకమ్మాయి, "అది అంచనా మాత్రమే సార్. గుండె చప్పుళ్ల మధ్య ఎడం చూసి లెక్కేస్తుంది. కాఫీ తాగినా, మెట్లెక్కినా, పట్టీ వదులైనా మారిపోతుంది. ఆ టైములో మీరేమైనా టెన్షన్ పడుతున్నారేమో చూసుకోండి" అంది.

"నాకు టెన్షన్ లేదని నేను చెబుతుంటే, ఉందనడానికి మీ వాచీ ఎవరమ్మా?" అన్నాను.

రుజువులతో మళ్లీ రాద్దామని ఒక నోటుపుస్తకం పెట్టాను. వేసవి సెలవులొచ్చాయి. బడి లేదు, పిల్లలు లేరు. కాఫీ మానేశాను. పట్టీ బిగించి, పదిన్నర నుంచి అరుగు మీద కుర్చీలో కదలకుండా కూర్చునేవాణ్ణి. పదకొండూ పదికి గీత లేచేది. అదే నిమిషంలో వేళ్లతో నాడి పట్టుకుని లెక్కపెడితే డెబ్బై రెండు. వాచీ కూడా డెబ్బై రెండే చూపించేది. ఒత్తిడి మాత్రం తొంభై పైన. మా ఆవిడ సునీత చేతికి పెడితే ఏమీ లేదు. కంపెనీవాళ్లు విసిగి కొత్త వాచీ పంపారు. దాంట్లోనూ అంతే. ఆదివారాలు మాత్రం గీత లేవలేదు. మిగిలినవి ఇరవై నాలుగు రోజులు రాశాను. ఒక్కటీ తప్పలేదు.

ఇక్కడ మా అన్నయ్య సంగతి చెప్పాలి. ఆయన అమలాపురంలో ఉంటారు. నాలుగేళ్ల కిందట అమ్మ జ్ఞాపకార్థ కూడికలో, పాస్టరుగారి ముందు, బంధువులందరి ముందు, "వందనాలన్నయ్యా" అన్నాను. మా సంఘంలో వందనం చెబితే పగవాడైనా తిరిగి చెబుతాడు. ఆయన నా మొహం చూసి, పక్కకు తిరిగి, కుర్చీలు సరిపోయాయా అని ఎవరినో అడిగారు. వినబడలేదేమో అన్నారు కొందరు. వినబడింది. ఆయన కళ్లు నేను చూశాను. ఆయనంతట ఆయన నన్ను పలకరించేదాకా ఆ గడప తొక్కకూడదనుకున్నాను.

ఈమధ్య ఆయనకు ఒంట్లో బాగోలేదని బజారులో విన్నాను. ఇంటి నుంచి నాకు కబురు రాలేదు. కబురు లేకుండా నేను వెళ్లలేదు. ఆ ఇంటి ఊసు నా దగ్గర ఎత్తొద్దని సునీతకు కూడా గట్టిగా చెప్పాను.

కంపెనీకి పంపడానికి నోటుపుస్తకాన్ని సాపు కాపీ చేసిపెట్టమని సునీతకు ఇచ్చాను. రెండు పేజీలు రాసి ఆగిపోయింది.

"ఏమండీ, పదకొండూ పదేనా? ఆదివారం లేదా?"

"రాసే ఉందిగా. చదవడం రాదా?"

"కోప్పడకండి. బావగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందండీ. మీరు ఊసెత్తొద్దన్నారని చెప్పలేదు. నేను రెండుసార్లు వెళ్లొచ్చేను. మాట నేర్పడానికి రోజూ పదకొండింటికి ఒకమ్మాయి వస్తుంది. ఆదివారం రాదు. ముందు పది నిమిషాలు అంకెలు చెప్పిస్తుంది. తర్వాత ఇంట్లోవాళ్ల పేర్లు. అందరివీ వస్తన్నాయి. మీ పేరు దగ్గరే ఆగిపోతన్నారు."

మర్నాడు కబురు లేకుండానే బస్సెక్కాను.

వదినగారు తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసింది. "రండి కృపానందంగారూ. కబురు పెట్టలేదని కూర్చున్నారంట. ఎవరు పెడతారండీ? పెట్టాల్సినాయనకి నోరు లేదాయె."

చెప్పులు విప్పాను.

అన్నయ్య అటు తిరిగి కుర్చీలో ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్లో పడేసినట్టుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అంకెలు అయిపోయాయి. ఆ అమ్మాయి నా పాత ఫోటో ఒకటి చూపించి, "ఇదెవరండీ?" అంది. ఆయన "కృ" అన్నారు. అంతే. మెడ నరాలు తేలాయి. మళ్లీ "కృ". గోడ గడియారంలో పదకొండూ పన్నెండు.

"అరగంటా ఇదే వరసండీ. వద్దన్నా వదలరు" అంది వదిన మెల్లగా. "పిలవడానికో, తిట్టడానికో మరి."

వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "వందనాలన్నయ్యా" అన్నాను. ఆయన ఎడమచెయ్యి కొంచెం ఎత్తారు. అది వందనమో, కూర్చోమనడమో తెలియలేదు. కూర్చున్నాను.

తెలిసిన డాక్టరుకు నోటుపుస్తకం చూపించాను. ఈ వాచీలు మనసును చూడలేవనీ, దేన్నో చూసి దేన్నో ఊహిస్తాయనీ, ఇది కాకతాళీయమనీ అన్నారు. నాలుగేళ్లుగా లోపల పెట్టుకున్న బాధ అలా బయటపడి ఉండొచ్చనీ అన్నారు. ఉండొచ్చు. మరి ఆ బాధకు గడియారం చూడటం ఎవరు నేర్పారు? ఆదివారం అని ఎలా తెలుసు? ఆయన నోటుపుస్తకం మూసి నా చేతికిచ్చారు.

బడులు తెరిచాక ఒక సోమవారం పదకొండూ పదికి గీత లేవలేదు. మధ్యాహ్నమంతా ఫోను తీసి వదినగారికి చేద్దామనుకోవడం, భయమేసి జేబులో పెట్టుకోవడం. సాయంత్రం నాలుగూ పదికి గీత లేచింది. అప్పుడు చేసి, ఆ అమ్మాయి వచ్చే వేళ మారిందా అని అడిగాను.

"ఆయ్, ఇవాళ్టి నుంచి నాలుగింటికి మార్చుకుందండీ ఆ అమ్మాయి. పొద్దున్న వేరే ఊరు వెళ్తుందంట. మీకెవరు చెప్పేరు?" అంది.

ఎవరూ చెప్పలేదని చెప్పాను. ఇంతకుమించి ఇప్పటికీ చెప్పలేను.

సెలవు రోజుల్లో వెళ్లి ఆయన పక్కన కూర్చుంటాను. మిగతా రోజుల్లో ఆ వేళకి బస్టాపులో ఉంటాను. వాచీ వైపు చూడను. కృ తర్వాత పా, పా తర్వాత నం, ఆయన అందుకునేంత నిదానంగా నా పేరు నేనే పలుకుతాను. పక్కనున్నవాళ్లు వింతగా చూస్తారు. చూడనీ.