నీళ్లు తాగని ఫొటో మేడం

పిల్లలు ఆమెను ఫొటో మేడం అనేవారు. పెళ్లికి ముందు నుంచీ ఒక స్టూడియోలో పనిచేసింది. ఫోన్లలో కెమెరాలు వచ్చాక ఆ స్టూడియో మూతపడింది. తరవాత బడిపిల్లల ఫొటోలు తీసే కంపెనీలో చేరింది. చేరిన రోజు భర్తతో, ఇకమీదట తనది నీడపట్టున కూర్చునే ఉద్యోగమని గొప్పగా చెప్పుకుంది. నీడ మాట నిజమే. కూర్చోవడమే కుదరలేదు. రెండు లైట్లు, వాటి స్టాండ్లు, వెలుతురు మెత్తబడేందుకు లైట్లకు తగిలించే గొడుగులు, వెనక కట్టే నీలం గుడ్డ, దాని ఇనప కడ్డీలు, కెమెరా పెట్టె, అన్నీ ఒక్కతే మోసుకుని మెట్లెక్కాలి. ఏ స్కూలుకు వెళ్లినా ఫొటోలకిచ్చే గది పై అంతస్తులోనే ఉండేది.

పొద్దున బెల్లు కొట్టేసరికి లైట్లు వెలగాలి. ఇక అక్కణ్నుంచి తరగతి వెంట తరగతి. ఒకడి కాలరు సరిచేయాలి, ఇంకొకడి ముక్కు తుడవాలి, ఒక పిల్ల జడ ముందుకు వేయాలి, గడ్డం కాస్త దించమనాలి, కళ్లు మూసేలోపు మీట నొక్కాలి. మీ టీచరుకు మీసాలొస్తే ఎలా ఉంటుందని అడిగితే ఎంత మొండిఘటమైనా నవ్వాల్సిందే. మధ్యాహ్నానికి ఆమె గొంతు బొంగురుపోయేది. పిల్లల ఎత్తుకు వంగీ వంగీ నడుము పట్టేసేది. ఇంటికొచ్చి చాప మీద వాలిపోతే అత్తగారు కాపడం పెడుతూ, ఊళ్లో పిల్లలందర్నీ నవ్వించి ఏడుపు మొహం మాత్రం ఇంటికి తెస్తావేమిటని వేళాకోళం చేసేది.

నడుమునొప్పి సంగతి ఇంట్లో తెలుసు. నీళ్ల సంగతి తెలియదు.

కెమెరా, లైట్లు కంపెనీవి. వాటికేమైనా అయితే పూచీ ఆమెదే. గదిలో తోడు మనిషి లేడు కాబట్టి బాత్రూముకు వెళ్లే వీలుండేది కాదు. కొత్తలో ఒకసారి ధైర్యం చేసి వెళ్లొచ్చేసరికి ఇద్దరు బుడతలు లైటు గొడుగు పట్టుకుని వానలో నడిచే ఆట ఆడుతున్నారు. ఆ దెబ్బతో పనిరోజుల్లో పొద్దున్నుంచీ నీళ్లు తాగడమే మానేసింది. అత్తగారు రోజూ సీసా నింపి సంచిలో పెట్టేది. కోడలు సాయంత్రం వీధి మలుపులో ఆ నీళ్లు ఒంపేసి, ఖాళీ సీసా తెచ్చి ఇచ్చేది.

ఆ యేడు ఫొటోల సీజను మధ్యలో చలిజ్వరం పట్టుకుంది. మాత్ర వేసుకుని పనికి వెళ్లింది. రెండో తరగతి పిల్లల ఫొటోలు తీస్తుండగా నడుము పక్కన కత్తితో పొడిచినట్టయి అక్కడే కూలబడింది. ఇదీ తమను నవ్వించడానికే అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను కిడ్నీదాకా పాకిందని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. రోజూ నీళ్లు సరిగ్గా తాగుతున్నారా అని అడిగితే, పక్కనున్న అత్తగారు తనే సీసా నింపి పంపుతాననీ, కోడలు చుక్క మిగల్చదనీ గర్వంగా బదులిచ్చింది. కోడలు తల దించుకుని ఉన్నమాట చెప్పేసింది.

సాయంత్రం అత్తగారు మంచం అంచున కూర్చుని, నీళ్ల గ్లాసు చేతికిచ్చి అడిగింది.

"మీ కంపెనీలో ఈ మాట ఎవరితోనైనా అన్నావా?"

"మగాళ్ల మధ్య ఎలా చెప్పనత్తయ్యా?"

"జ్వరం నీకొచ్చింది. సిగ్గు వాళ్లకి రావాలి. వెళ్లి చెప్పు."

ఆమె కోలుకుని పనిలోకి వెళ్లిన కొన్నాళ్లకు మేనేజరు ఫొటోగ్రాఫర్లందర్నీ కూర్చోబెట్టి, స్కూళ్లవాళ్లు తొందరపెడుతున్నారు, ఇంకా వేగం పెంచాలన్నాడు. ఎవరైనా ఏమైనా చెప్పాలా అని మాటవరసకు అడిగి, ఎవరూ చెప్పరన్న ధీమాతో లేవబోయాడు. ఈలోపు ఆమే లేచింది.

"బాత్రూముకెళ్లే వీల్లేక నేను నీళ్లు తాగడం మానేశాను సార్. అందుకే ఆస్పత్రిలో పడ్డాను. ముందు తోడు ఒక మనిషిని పంపండి, వేగం సంగతి తరవాత చూద్దాం."

ఆమె కూర్చుండిపోదామా అనుకునేలోపు వెనక నుంచి గొడుగు బాబాయి గొంతు వినిపించింది. ఆయన అందరికన్నా పాతవాడు. చంకలో లైటు గొడుగు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు.

"నాకు షుగరు సార్. మాటిమాటికీ వెళ్లాలి. అందుకని మాత్ర కూడా నీళ్లు లేకుండానే మింగుతా."

ఆ తరవాత ఒక్కొక్కరే నోరు విప్పారు. నెలలు నిండుతున్నప్పుడు కూడా ఒంటరిగా స్టాండ్లు మోశానని ఒకావిడ చెప్పింది. అందరి కడుపులోనూ ఉన్న మాటే, ఒకరితో ఒకరు అనుకోని మాట. మేనేజరు చెడ్డవాడు కాదు. బల్ల మీదే మంచినీళ్లు, పక్క తలుపే బాత్రూము ఉన్న మనిషికి ఈ ఆలోచన రాలేదు, అంతే. ఇద్దరేసిని పంపితే సగం స్కూళ్లు మిగిలిపోతాయని నసిగాడు. ఒక పెద్ద స్కూలుకు తామిద్దరూ వెళ్లి చూస్తామని గొడుగు బాబాయి, ఆమె అన్నారు. సరేనన్నాడు.

ఆ స్కూల్లో ఒకరు కాలర్లు సర్దుతుంటే ఒకరు మీట నొక్కారు. కళ్లు మూసిన మొహాలు తక్కువ వచ్చాయి. మళ్లీ తీయడానికి ఇంకోసారి వెళ్లే పని తప్పింది. మేనేజరు ఫొటోలన్నీ తిప్పి చూసి, పెద్ద స్కూళ్లకు ఇకమీదట ఇద్దరేసి అన్నాడు. చిన్న స్కూళ్లకు ఒక్కరే వెళ్లాలి కానీ, ఇంటర్వెల్లులో గదికి తాళం వేసి తాళంచెవి ఫొటోగ్రాఫరు చేతికివ్వాలని స్కూలుతో ముందే ఒప్పందం. మెట్ల గొడవ మాత్రం తెగలేదు. గొడుగు బాబాయిని అడిగితే, నీళ్లదాకా వచ్చినవాళ్లం మెట్లదాకా రాకపోతామా అంటాడు.

ఈ మధ్య ఒక స్కూల్లో, ముందు పళ్లు ఊడిన పిల్ల ఒకతి ఎంతకీ నోరు తెరవలేదు. ఒంటరిగా ఉన్న రోజుల్లో అయితే ఒకసారి మీట నొక్కేసి తరవాతివాణ్ని పిలిచేది. ఇప్పుడు వరసను బాబాయి చూసుకుంటున్నాడు. ఆమె ఒక చిన్న బెంచీ లాక్కుని, స్టూలు మీదున్న ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది.

"నవ్వకపోతే ఫొటో రాదా?" అని అడిగింది ఆ పిల్ల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఎందుకు రాదు? నీ మొహం నీ ఇష్టం."

ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి, పెద్ద ఆఫీసరులా సూటిగా కెమెరాలోకి చూసింది. ఆమె మీట నొక్కింది. పిల్ల దిగి వచ్చి, కెమెరా తెరలో తన మొహాన్ని అటూ ఇటూ తల తిప్పి చూసుకుని, మళ్లీ వెళ్లి స్టూలెక్కింది.

"ఇంకోటి తియ్యండి. ఈసారి నవ్వుతా."