చేపకు అమ్మవారు పోసిన రోజులు

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన కొత్తలో నాకు రెండు కోరికలుండేవి. ఉద్యోగం పర్మనెంటు కావాలి, అమ్మను మనుబోలు నుంచి తెచ్చి నా దగ్గర పెట్టుకోవాలి. మొదటిది తీరితే గాని రెండోది తీరదు. నాయన పోయినప్పటి నుంచి అమ్మ పరాయి చేలల్లో నాట్లకూ కలుపుకూ పోయి నన్ను చదివించింది. ఆమెకు చేపలంటే ప్రాణం. కానీ మనుబోలు దాకా వచ్చేసరికి ఏ చేపకైనా కళ్ళు లోపలికి పోయుండేవి. నాకు ఉద్యోగం వచ్చిందేమో వాకాడు దాటాక సముద్రపు ఒడ్డున, వంజరం, మడవ చేపలు గంపల్లో ఎగిరెగిరి పడుతుండగానే ఇంటి ముందుకొచ్చే ఊళ్ళో. రోజూ కంచంలో తాజా చేప చూసినప్పుడల్లా అమ్మ గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. దిగేది కాదంటే అబద్ధం. దిగేది, కానీ తప్పు చేసినట్టుండేది. అందుకని ప్రతి ఆదివారం ఎండు నెత్తళ్ళ పొట్లం ఒకటి కట్టి బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. మనుబోలు రోడ్డు మీద అమ్మ నిలబడి అందుకునేది.

అరవైల మొదట్లో మాట ఇది. నా పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా డాక్టరు గారు. మంచి మనిషే గాని ఎద్దులంటే భయం. ఆసుపత్రికి కొమ్ములున్నదేది వచ్చినా కిటికీ అవతల నిలబడి వైద్యం చెప్పేవారు, ఇవతల నేను తన్నులు తినేవాణ్ణి. ఆయన ప్రేమంతా ఒక గాజు తొట్టి మీద ఉండేది. అందులో మద్రాసులో కొన్న ఎర్రచేప ఒకటి, బొటనవేలంత. కూతురి పురుడని ఆయన మూడు వారాలు సెలవు పెట్టి వెళుతూ ఆ తొట్టిని నాకప్పగించారు. తిరిగి వచ్చేసరికి ఆ చేపా, నీ కాగితమూ రెండూ నా బల్ల మీద ఉండాలి అన్నారు. ఆ రెంటినీ ఒకే వాక్యంలో ఎందుకు కలిపారో నాకు బాగానే అర్థమైంది.

నేనుండేది చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో, ముందు గదిలో. ఇంటివాళ్ళు ముసలి దంపతులు. అవ్వ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. తాత కొడుకులిద్దరితో కలిసి వేటకు పోయేవాడు. ప్రాణమున్న చేపను ఇంట్లో పెట్టి తిండి పెట్టడమనే సంగతి ఆ ఇంటికి కొత్త. మొదటి రోజు కొడుకులు తొట్టి చుట్టూ తిరిగి, ఇది ఎంతయ్యాక కోస్తారని అడిగారు. కొయ్యరంటే, మరెందుకని అడిగారు. చూసుకోవడానికని చెప్పాను.

ఆరో రోజు వాన పట్టింది. నాట్ల కాలపు వాన, రెండు రోజులు విడవలేదు. మూడో రోజు పొద్దున చూస్తే చేప తిండి ముట్టలేదు. రెక్కలు ఒంటికి అంటించుకుని, అడుగున ఉన్న రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది. దగ్గరికెళ్ళి చూస్తే ఒంటి నిండా తెల్లటి చుక్కలు, రవ్వ చల్లినట్టు. ఆ చుక్కల్లో నాకు చేప కనిపించలేదు, మోకాటి లోతు బురదలో వంగి నాట్లేస్తున్న అమ్మ నడుం కనిపించింది.

ఆసుపత్రికి పరుగెత్తి జబ్బుల పుస్తకం తెరిచాను. జబ్బు పశువును ఎట్లా గుర్తించాలో అందులో వరసగా రాసి ఉంది. నెమరు వేస్తోందా? లేదు. చెవులు చల్లగా ఉన్నాయా? చెవులు ఎక్కడున్నాయో తెలియలేదు. ఆరోగ్యమైన పశువుకు ముక్కు తడిగా ఉండాలి. దీనికి ముక్కేమిటి, ఒళ్ళంతా తడే. పుస్తకం ప్రకారం ఇంత ఆరోగ్యమైన జీవి జిల్లాలోనే లేదు. ఇక మిగిలింది పర్మాంగనేటు. మా ఆసుపత్రిలో గాలికుంటుకూ అదే, గజ్జికీ అదే. కానీ మోతాదు ఎద్దుకు రాసి ఉంది. ఎద్దు బరువుతో భాగించి చేప బరువుతో హెచ్చిస్తే సూదిమొన మీద నిలిచేంత వచ్చింది. అంతా వేశాను. నీళ్ళు కాస్త గులాబీ రంగుకు తిరిగాయి, చేప తిరగలేదు.

అప్పుడు తాతను అడిగాను. అరవయ్యేళ్ళుగా చేపలతోనే బతుకుతున్నవాడు, ఆయనకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. తాత తొట్టిలోకి తొంగి చూసి, "జబ్బు చేసిన చేపను నేనెప్పుడూ చూళ్ళేదు నాయనా. మా వలలోకొచ్చేటప్పటికి అన్నీ బాగానే ఉంటాయి. ఆ తర్వాత చచ్చిపోతాయి," అన్నాడు.

అంతలోకే అవ్వ వచ్చింది. గంప దించి, చేతులు చీరకు తుడుచుకుని, తొట్టి దగ్గర కూర్చుని ఒక్క చూపు చూసింది. చూసి లెంపలేసుకుంది. ఇదేమన్నా మామూలు జబ్బా, అమ్మవారు పోసింది అంది. చేపకు అమ్మవారేమిటని నేను నవ్వబోయాను. అవ్వ నా వంక చూసిన చూపుకు ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు. అమ్మ నీ మాదిరి కాగితం చూసుకోని వస్తదా అంది.

నా కాగితం సంగతీ, దాని వెనక మా అమ్మ సంగతీ అవ్వకు ముందే తెలుసు. అందుకే ఆ ఇంట్లో మనిషికి అమ్మవారు పోస్తే ఏమేం చేస్తారో అన్నీ చేప కోసం చేయించింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. తొట్టి గాజుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఇంట్లో పోపు వేయకూడదు, నీచు వండకూడదు, ఇంట్లో నుంచి నిప్పు గాని ఉప్పు గాని బయటికి ఇవ్వకూడదు, బయటివాళ్ళు గడప దాటకూడదు. అమ్మ పోసిన మనిషిని పేరు పెట్టి పిలవరు గనక, మేం చేపను ఇక 'అది' అనడానికి వీల్లేకపోయింది. తల్లి పడుకుందా, తల్లి ఏమన్నా తిన్నదా అనాల్సిందే. పెద్దకొడుకు ఒకసారి మరిచిపోయి అది చచ్చేట్టుందే అన్నాడు. ఆ పూట వాడికి గంజి కూడా లేదు.

అన్నిటికన్నా చిత్రం తిండి. సముద్రం నుంచి గంపలకొద్దీ చేపలు దించుకునే ఆ ఇంట్లో, చేపకు ఒంట్లో బాగాలేదని చేప వండటం మానేశారు. పట్టిన చేపల్ని ఇంటి ముందు నుంచి తీసుకుపోకూడదని కొడుకులు వీధంతా చుట్టి వెనక దారిన మోశారు. మూడు పూటలా పెరుగన్నం. నాలుగో రోజుకు చిన్నకొడుకు తొట్టి ముందు నిలబడి, చేతులు కట్టుకుని, తొందరగా తగ్గించుకో తల్లీ అని వేడుకున్నాడు. అంత మనస్ఫూర్తిగా ఎవరైనా మొక్కడం నేను గుళ్ళో కూడా చూడలేదు.

గుమ్మానికి వేపమండలుంటే ఊరుకుంటుందా ఊరు? ఐదో రోజు టీకాలు వేసే ఆయన సంచీ తగిలించుకుని వచ్చాడు. కేసు ఉందని ఎవరో చెప్పారట. రోగి ఎక్కడని గడప అవతల నుంచే అడిగితే చూపించాను. ఆయన తొట్టి వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ తొట్టి వంక చూశాడు. నాలుగు మైళ్ళు బురదలో నడిచొచ్చాను, ఊరికే పోలేను అన్నాడు. ఇంటిల్లిపాదికీ టీకాలు వేసి, చేపను మాత్రం వదిలేసి వెళ్ళాడు.

ఇంత జరుగుతున్నా చేప మెల్లమెల్లగా కోలుకుంటోంది. ఎందువల్లో ఆరో రోజు కనిపెట్టాను. వేకువనే లేచి చూస్తే తాత తొట్టి మీద వంగి పిడికెడు ఉప్పు కలుపుతున్నాడు. అమ్మ పోసినప్పుడు ఉప్పు తగలకూడదని అవ్వ శాసనం. తాత శాస్త్రం వేరు. ఉప్పు తగలకుండా చేప ఎట్టా బతుకుతుందబ్బా, చూస్తుంటే నాకే నోరు చప్పబడిపోతాంది అన్నాడు. మొదటి రోజు నుంచీ కలుపుతున్నాడట. వేలు ముంచి నాలుకకు రాసుకుని, గంజిలో వేసుకునేంత ఉప్పయితే ఆపేవాడట. నేను చూడనట్టే ఉండిపోయాను. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య దూరేంత పర్మనెంటు మనిషిని కాను నేను.

ఒక్క సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఆ ఆదివారం అమ్మకు నెత్తళ్ళ పొట్లం పంపలేదు. ఎండుచేప కూడా గడప దాటకూడదంది అవ్వ. సరే, ఒక వారమే కదా అనుకున్నాను. అక్కడ మనుబోలు రోడ్డు మీద అమ్మ ఎప్పటిలాగే బస్సుకు ఎదురొచ్చి నిలబడిందట. పొట్లం లేదు. ఏమైందని అడిగితే కండక్టరు విన్నది విన్నట్టు చెప్పాడు. మీవాడుండే ఇంట్లో అమ్మవారు పోసిందంట, గుమ్మానికి మండలు కట్టుండారు అని. ఎవరికి పోసిందో అతనికి తెలియదు. నాయన పోయింది ఆ జబ్బుతోనే.

మర్నాడు పొద్దున నేను వేపాకు ఏరుతుంటే బయట అవ్వ గొంతు, బయటోళ్ళు రాకూడదమ్మా అంటూ. ఆ వెంటనే అమ్మ గొంతు వినపడింది.

"నేను బయటిదాన్ని కాదు. నా బిడ్డ యాడ?"

నేను బయటికొచ్చాను. పసుపు నీళ్ళ మరకల పంచె, ఒంటి మీద చొక్కా లేదు, చేతిలో వేపాకు. అమ్మ చీర అంచుకు ముందురోజు చేలోని బురద ఇంకా ఎండి ఉంది. నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. చెవుల వెనక చూసింది, మెడ చూసింది, చేతులు తిప్పించి చూసింది, చిన్నపిల్లవాణ్ణి తిప్పినట్టు వెనక్కి తిప్పి వీపు చూసింది. కొత్త టీకా గాయం ఒక్కటే కనిపించింది. అప్పుడు గడప మీద కూలబడింది. ఎవరికిరా అంది.

నేను లోపలికి వేలు చూపించాను.

అమ్మ లేచి వెళ్ళి తొట్టి ముందు నిలబడింది. ఒంటి నిండా పోసిన చుక్కల్లో అప్పటికి నాలుగైదే మిగిలున్నాయి. చేప నిదానంగా ఈదుతోంది. నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టాల్సిందే కూడా. నాట్ల కూలి వదులుకుని, రాత్రంతా నిద్రలేకుండా, ఒక చేప కోసం వచ్చింది. అమ్మ మాత్రం తొట్టికి దండం పెట్టింది. పెట్టి నాకేసి తిరిగింది.

"బస్సులో మొక్కుకొనుండాను. నువ్వు బతికి బయటపడితే ఇంక జన్మలో చేప ముట్టనని."

"నాకేం కాలేదు గదమ్మా. జబ్బు చేసింది చేపకు."

"నేను మొక్కింది నీకోసం. నువ్వు బతికే ఉండావు గదా," అంది.

తొమ్మిదో రోజు అవ్వ వేపాకు వేసి కాచిన నీళ్ళు చల్లార్చి, వాటిలోంచి చేపకు తలంటు కింద మూడు చుక్కలు పోసింది. అమ్మవారు దిగిపోయింది. ఆ మధ్యాహ్నం ఇల్లంతా పోపు వాసన, మడవ పులుసు. కొడుకులు ఎన్ని ముద్దలు తిన్నారో చెప్పను, దిష్టి తగులుతుంది. అమ్మ వాళ్ళ పక్కనే కూర్చుని పెరుగన్నం తిని, నాట్లు ఆగిపోతాయని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

డాక్టరు గారు చెప్పిన రోజుకే వచ్చారు. చేతిలో గాజు సీసా ఉంది, అందులో ఇంకో ఎర్రచేప. తొట్టిలోదాన్ని చూసి, ఇది ఇంకా ఉందా అన్నారు. ఎవరికప్పగించినా చచ్చిపోవడమే దానికి అలవాటని ముందే ఇంకోటి కొనుక్కొచ్చారట. కాగితం మీద సంతకం మాత్రం అక్కడికక్కడే పెట్టేశారు.

నాట్లు అయ్యాక అమ్మను తెచ్చుకున్నాను. పదకొండేళ్ళు ఆ ఊళ్ళోనే ఉంది. అవ్వ ఊరుకోలేదు. పొరపాటున మొక్కిన మొక్కు చెల్లదని పూజారితో చెప్పించింది, టెంకాయ కొట్టి విడిపించుకోవచ్చని కూడా అనిపించింది. అమ్మ వినలేదు. ఇచ్చినదాన్ని ఎట్టా తిరిగి అడిగేది అనేది. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియక చాలాసార్లు అమ్మ మీదే చూపించేవాణ్ణి, అది ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాకు మాత్రం రోజూ చేప వండి పెట్టేది. పులుసు ఉడికేటప్పుడు మూత తీసి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చేది. తర్వాత గరిటెతో కాస్త తీసి నా అరచేతిలో పోసి, ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ఎప్పుడూ సరిపోయేది. ఆ మాట నేను చెప్పేదాకా నా ముఖం వంకే చూస్తూ నిలబడేది.